టేకు తలుపునకు పాలిషు ఎందుకు ఆరదు?



గట్టుమీద టేకు నాటినవారు ఇరువది, ఇరువదియైదు సంవత్సరములు ఎదురుచూచి దానిని ఇంటి తలుపుగా చేసికొందురు. మొక్క నాటుట, పక్కకొమ్మలు తీయుట, ఆకుపురుగును కనిపెట్టుట మీకు తెలిసిన పనులే. చెట్టు కొట్టిన పిమ్మట కోత, ఆరబెట్టుట, వడ్రంగము కూడ ఎంతో కొంత శ్రద్ధగానే జరుగును. చివరి వారము దినముల పనియైన పాలిషు మాత్రము ఎవరో ఒక మేస్త్రీకి వదలివేయుదురు. పాతిక సంవత్సరముల ఫలితము ఆ వారములో చెడిపోవుట నేను కన్నులార చూచినాను. నేను సస్యశాస్త్రము బోధించువాడనే గాని వడ్రంగిని కాను. అయినను ఈ సంగతి నా గుమ్మములోనికే వచ్చినది.

నేను హైదరాబాదు మోతీనగరులో కాపురమున్నాను. ఎర్రగడ్డ, బోరబండల ప్రక్కనున్న పేట ఇది. జూబ్లీహిల్సు, ఫిలింనగరు దగ్గరే గనుక సినిమా సెట్లకు పనిచేయు వడ్రంగులు, రంగుల మేస్త్రీలు కొందరు ఈ చుట్టుపట్లనే ఉందురు. గత ఫిబ్రవరిలో మా వీధిలో కొడుకు కట్టుకొన్న ఇంటికి నిర్మల్ జిల్లా రైతు ఒకరు తన గట్టు టేకుతో చేయించిన సింహద్వారపు తలుపులు తెచ్చినారు. తలుపులు చక్కగా ఉన్నవి. ఆ ప్రాంతపు టేకులో కనుపించు లేత గులాబిఛాయ వాటిలో ఉన్నది. సెట్ల పనిచేయు మేస్త్రీ ఒకరు నూనె వార్నీషు రెండు పూతలు వేసినారు. తొమ్మిది దినములు గడచిన పిమ్మట ఆ పెద్దాయన నా వద్దకు వచ్చినారు.

"సారూ, ఇరవై నాలుగేండ్లు బిడ్డ లెక్క సాదిన చెట్టు. తొమ్మిది దినాలాయె, చెయ్యి పెడితే ఇంకా అంటుతనే ఉన్నది. గృహప్రవేశానికి పదిహేను దినాలే ఉన్నయి. కర్రల దోషమున్నదా, మేస్త్రీ పనిల దోషమున్నదా, మీరే చెప్పుండ్రి" అన్నారు.

వెళ్లి చూచినాను. తలుపు నిండ దుమ్ము అంటుకొని ఉన్నది. బొటనవ్రేలు ఒత్తినచో ముద్ర పడుచున్నది. అయితే ఒక విచిత్రము కనిపించినది. పలకల అంచున వ్రేలెడు వెడల్పున తెల్లచెక్క చారలున్నచోట వార్నీషు గాజువలె ఆరిపోయినది. ముదురురంగు చేవ ఉన్నచోటనే జిగురుగా ఉన్నది. ఒకే పలక, ఒకే డబ్బా, ఒకే కుంచె, ఒకే దినము. పొలములో ప్రయోగపు మళ్లు వేయువానికి ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కరలేదు. విత్తనము, ఎరువు, నీరు అన్నియు ఒకటిగా ఉండి ఒక మడిలో పైరు వచ్చి, రెండవ మడిలో రానిచో దోషము నేలలో వెదుకుదుము గదా. ఇక్కడ నేల అనగా చేవ.

చేవలోని జిడ్డు

చెట్టు మధ్యభాగము ముదిరి చేవ పట్టునపుడు అందులో కొన్ని నూనె పదార్థములు, మైనము, రంగు పదార్థములు చేరును. టేకు చేవలో రబ్బరువంటి పదార్థము కూడ నూటికి 5 పాళ్ల వరకు ఉండవచ్చును. క్రొత్తగా చిత్రిక పట్టిన టేకును తడిమినచో చేతికి తగులు నునుపు, ముక్కుకు తగులు తోలువాసన వీటివలననే. టేకులో టెక్టోక్వినోన్ అను పదార్థము కలదు. చెదలకు ఇది గిట్టదు. కావున ఈ జిడ్డును శత్రువుగా చూడరాదు. టేకునకు టేకన్న పేరు వచ్చినది దానివలననే. లోపలి నూనెను తీసివేయుట మన పని కాదు. తీయుట సాధ్యమును కాదు. పూత పట్టవలసిన పైపొరలో కొద్దికాలము దానిని అడ్డగించిన చాలును.

ఈ జిడ్డు పూతకు రెండు విధముల హాని చేయును. వీటిని వేరు వేరుగా తెలిసికొనవలెను, ఏలయనగా లక్షణములు వేరు. మొదటిది ఆరకపోవుట. అవిసె నూనె గాని, నూనెతో చేసిన వార్నీషు గాని నీరువలె ఆవిరియై ఆరునది కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని గట్టిపడును. ఒక కణము మరియొక కణముతో గొలుసువలె ముడిపడుచు పోవును. చేవలోని కొన్ని పదార్థములు ఆ గొలుసును మొదటనే త్రెంపును. చలికి పాలు తోడుకొననట్లు, వార్నీషు పూసినది పూసినట్లే ఉండిపోవును. మోతీనగరు తలుపునకు కలిగిన వ్యాధి ఇది.

రెండవది పట్టు లేకపోవుట. పూత ఆరును, మెరయును, ఇల్లువారు సంతోషింతురు. ఒక సంవత్సరమునకు గోటితో గీచినచో ఉల్లిపొరవలె ఊడివచ్చును. నూనె రాసిన పెనముపై సున్నము నిలువనట్లు, జిడ్డు పైపొరమీద పూత నిలువదు. మొదటిది వెంటనే బయటపడును గనుక ఒక విధముగా మేలు. రెండవది మేస్త్రీ డబ్బు తీసికొని వెళ్లిన చాలకాలమునకు గాని తెలియదు.

మేస్త్రీని నేను తప్పుపట్టలేదు. సెట్లలో గోడలు, తలుపులు ప్లైవుడ్డుతో చేసి, టేకువలె కనుపించునట్లు రంగు వేయుదురు. అవి కెమెరా ముందు మూడు దినములు నిలిచిన చాలును. ప్లైవుడ్డు మీద వార్నీషు ఎన్నడును మొండికేయదు. నిజమైన టేకుచేవ ఆయన కుంచె క్రిందికి వచ్చుట అరుదు. నిర్మల్, కొండపల్లి బొమ్మలవారు తేలికయైన పొనికి కర్రను, ఏటికొప్పాకవారు అంకుడు కర్రను ఎన్నుకొనుటలో కూడ ఈ సూక్ష్మము కొంత ఉన్నది. ఆ కర్రలలో జిడ్డు లేదు. రంగు గాని లక్క గాని సులభముగా పట్టును. మన తలుపునకు ఆ కర్రలు పనికిరావు గనుక మనకు ఈ తిప్పలు తప్పవు.

గట్టు టేకు విషయము

అడవిలో అరువది, ఎనుబది సంవత్సరములు పెరిగిన దుంగకును, నీరు, ఎరువు అందిన గట్టుమీద ఇరువది సంవత్సరములలో పెరిగిన దుంగకును భేదము కలదు. పిన్నవయసు చెట్టులో తెల్లచెక్క పాలు హెచ్చు. తెల్లచెక్కకు పూత చక్కగా పట్టును గాని చెదలు, పొడిపురుగు కూడ అంతే చక్కగా పట్టును. పైన పాలిషు మెరయుచుండగా లోపల పిండియై రాలిన ద్వారబంధములు మీలో కొందరు చూచియే ఉందురు. పాలిషు కర్రకు అందమిచ్చును, తేమ రాకపోకలను తగ్గించును, చెదలను ఆపదు. అందుచేత చెక్క కోసిన వెంటనే, పచ్చిగా ఉన్నపుడే తెల్లచెక్క గల పలకలకు మందు పట్టించవలెను. లీటరు వేడినీటిలో బోరాక్సు 60 గ్రాములు, బోరిక్ ఆమ్లము 40 గ్రాములు కరగించి పలకలను అందులో ముంచి తీసి, ఒకదానిపై ఒకటి దగ్గరగా పేర్చి, ప్లాస్టిక్ పట్టా కప్పి రెండు మూడు వారములు ఉంచినచో మందు లోనికి దిగును. ఇది వాన తగులని ఇంటిలోపలి కర్రకే పనికివచ్చును. వానకు మందు కడిగిపోవును. చేతులకు తొడుగులుండవలెను, ఆ నీరు పశువులు త్రాగకుండ చూడవలెను.

చెట్టు కొట్టుటకు ముందు అటవీశాఖ అనుమతి, దుంగ తరలించుటకు రవాణా పర్మిట్టు తీసికొనవలెనని వేరుగా చెప్పనక్కరలేదు. 2002 నాటి వాల్టా చట్టము సంగతి మీరెరిగినదే.

ఇక ఆరబెట్టుట. అంగుళము మందపు పలకలను నీడలో, గాలి ఆడుచోట, నడుమ సన్నని బద్దలుంచి పేర్చినచో సాధారణముగా మూడు నాలుగు నెలలు పట్టును. ఎండలో పరచి తొందరపెట్టినచో చివరలు పగులును. తేమ కొలుచు యంత్రము లేకున్నను చింతలేదు. ఆ పలక ముక్కనే ఒకటి కోసి, త్రాసులో తూచి, తేది వ్రాసిపెట్టి, వారమునకొకసారి తూచుచుండవలెను. వరుసగా మూడు వారములు తూకము మారనిచో ఆ ఊరి గాలికి తగినంత ఆరినట్లు. సరిగా లెక్క కావలెనన్నచో ఆ ముక్కను 103 డిగ్రీల వేడిలో తూకము నిలుచువరకు ఎండబెట్టవలెను. ముందు 112 గ్రాములుండి, ఎండిన తరువాత 100 గ్రాములైనచో తేమ 12 శాతము. ఒక మాట గుర్తుంచుకొనుడు: వడ్లలో తేమను మొత్తము తూకముపై లెక్కింతుము, కర్రలో ఎండిన తూకముపై లెక్కింతురు. కొనుగోలు కేంద్రములోని 17 శాతమును, సామిల్లువాడు చెప్పు 17 శాతమును ఒకటి కావు. హైదరాబాదు గాలికి తలుపుల కర్ర 10, 12 శాతములో ఉండుట మేలు. తేమ గల కర్రపై ఏ పూత వేసినను దండుగ.

తుడుచుట, మూయుట, పూయుట

కర్రను చిత్రిక పట్టిన పిమ్మట 120 నంబరు, తరువాత 180 నంబరు ఉప్పుకాగితముతో పోగుల వెంబడి రుద్దవలెను. అంతకంటె సన్నని కాగితముతో అద్దమువలె చేయరాదు. పూతకు పట్టు తగ్గును. టేకులో ఇసుకవంటి సిలికా ఉండుటచేత ఉలి, చిత్రిక అంచులు త్వరగా మొద్దువారును. మొద్దు అంచుతో చిత్రిక పట్టిన పైభాగము నలిగి మెరయును, కోసినట్లుండదు. అట్టి చోట జిగురు కూడ సరిగా పట్టదు. నోటికి గుడ్డ కట్టుకొనుట మరువరాదు. టేకు పొడి కొందరికి చర్మముమీద దురద, దద్దుర్లు తెచ్చును.

ఇప్పుడు అసలు పని. తెల్లని నూలుగుడ్డను ఆసిటోనుతో గాని, ఎన్.సి. థిన్నరుతో గాని తడిపి ఒక గజము మేర తుడువవలెను. గుడ్డకు పసుపు, గోధుమరంగు అంటును. గుడ్డ మడత మార్చి మరల తుడువవలెను. రంగు అంటుట బాగుగా తగ్గువరకు, సాధారణముగా మూడు నాలుగు సార్లు, తుడువవలసివచ్చును. కొందరు కిరోసినుతో తుడుతురు. కిరోసిను తానే జిడ్డు. ఒక జిడ్డు తీసి మరియొకటి పూసినట్లగును. టర్పెంటైను నిదానముగా ఆరును గనుక ఈ పనికి అంతగా నప్పదు. పెట్రోలు మాట తలపెట్టవద్దు.

తుడిచినది ఆరిన వెంటనే మొదటి పూత పడవలెను. అరగంటకు మించి ఆగరాదు. లోపలి నూనె నెమ్మదిగా మరల పైకి వచ్చును. ఉదయము తుడిచి, భోజనము చేసి వచ్చి పూసినవాడు తుడువనివానితో సమానము. కావున తలుపు మొత్తము ఒకసారి తుడుచుటకంటె, ఒకరు తుడుచుచు ముందు పోవుచుండగా మరియొకరు వెనుక పూయుచు వచ్చుట మంచిది.

ఆ మొదటి పూత దేనితో? నా అభిప్రాయములో లక్కతో. చపడా లక్క స్పిరిటులో కరగును. స్పిరిటు ఎగిరిపోగా లక్క మిగులును. ప్రాణవాయువుతో దానికి పని లేదు గనుక చేవలోని పదార్థము దానిని ఆపలేదు. జిడ్డు కర్రకును నూనె వార్నీషునకును రెండింటికిని అది చెలిమి చేయును. లీటరు స్పిరిటునకు 120 గ్రాముల చపడా చొప్పున గాజుసీసాలో గాని ప్లాస్టిక్ డబ్బాలో గాని రాత్రంతయు నానబెట్టవలెను. ఇనుపడబ్బాలో ఉంచినచో నల్లబడును. లక్కలో నూటికి 5 పాళ్ల వరకు మైనము కలదు. సీసాను కదపక కొన్ని దినములుంచినచో మైనము అడుగునకు దిగును. పైన పాలిస్టరు, పాలియురిథేను వంటివి వేయదలచినచో పైతేట మాత్రమే వంచి, పలుచని గుడ్డతో వడకట్టి వాడవలెను. మైనముమీద అవి నిలువవు. కలిపిన లక్క ఆరు నెలలు దాటినచో పారవేయుడు, అదియే ఆరుట మానివేయును. పలుచగా రెండు పూతలు, నడుమ ఒక గంట ఎడము. మరునాడు 220 నంబరు కాగితముతో తేలికగా రుద్దిన చాలును.

ఇక్కడ ఒక మాట. ఈ లక్క మన మోదుగు, రేగు చెట్లమీద పురుగు పెట్టునదే. దీనిపై పరిశోధనకు రాంచీ దగ్గర నామ్‌కుంలో 1924లోనే సంస్థ వెలసినది. మోదుగు చెట్టును వంటచెరకుగా మాత్రమే చూచుట మన అలవాటు. దాని సంగతి మరియొకమారు వ్రాయవచ్చును.

లక్కపైన ఇంటిలోపలి వైపునకు మీకు నచ్చిన పూత వేసికొనవచ్చును. నూనె వార్నీషు, మెలమైను, రెండు డబ్బాలు కలిపి వాడు పాలియురిథేను, ఏదైనను సరే. రెండు డబ్బాల రకములు టేకుమీద బాగుగనే పట్టును. వంటింటి అరలకు లక్క ఒక్కటియే వదలివేయరాదు. వేడిగిన్నె, నీటి మరక తగిలినచో అది తెల్లబడును.

ముసురు పట్టిన దినములలో పాలిషు పని పెట్టుకొనరాదు. స్పిరిటు ఆవిరియగునపుడు కర్ర చల్లబడి, గాలిలోని తేమ పూతమీద చేరి పాలవలె తెలుపు కట్టును. నడివేసవిలో మధ్యాహ్నము వేసినచో బుడగలు లేచును. మాఘము మొదలు చైత్రము వరకు ఉదయపు వేళలు మేలు.

ఎండవాన తగులు కర్ర

వీధివైపు గేటు, అరుగుమీది బల్ల, పశువుల కొట్టము తలుపు వీటికి గాజువంటి పూత వేయించుట డబ్బు తగులవేయుట అని నా నిశ్చితాభిప్రాయము. పారదర్శకమైన పూతగుండ ఎండ లోనికి పోయి, కర్ర పైపొరను క్షీణింపజేయును. కర్ర ఊడును, దానితో పూత ఊడును. ఏమియు పూయక వదలిన టేకు వెండిబూడిద రంగునకు తిరిగి అనేక సంవత్సరములుండును. కొందరికి ఆ రంగు నచ్చదు, అంతే. నచ్చనివారు కాచిన అవిసె నూనెలో సగము టర్పెంటైను కలిపి, ఆసిటోనుతో తుడిచిన కర్రపై పలుచగా రాచి, పావుగంట తరువాత పైన మిగిలిన నూనెనంతయు పొడిగుడ్డతో తుడిచివేయవలెను. తుడువక వదలిన నూనెయే జిగురుగా మారును. ఏటేట ఒకసారి మరల రాయవలెను. వేరుసెనగ, కొబ్బరి, ఇప్ప నూనెలు ఎన్నటికిని గట్టిపడవు. దుమ్ము పట్టుటకు మాత్రము పనికివచ్చును. దుకాణములో "టేకు నూనె" అని అమ్మునది టేకునుండి తీసినది కాదు. అవిసె వంటి నూనెలో కొంత వార్నీషు, టర్పెంటైను కలిపినదే.

ఇరుగుడు కర్ర ఈ విషయములో టేకుకంటె మొండిది. దానిలోని పదార్థములు నూనె వార్నీషునే గాక కొన్ని రెండు డబ్బాల పూతలను కూడ ఆపును. స్పిరిటు తగిలినపుడు దాని ఊదారంగు కారి ప్రక్కనున్న తెల్లకర్రను మరక చేయును. కాబట్టి ఆసిటోను గుడ్డను ప్రక్క కర్రమీదికి లాగరాదు. లక్క మొదటి పూతను కుంచెతో రుద్దక, ఒక్క వేటుతో వేసి వదలవలెను. వేగిస కర్రకు నీరు తగిలినచో గోధుమరంగు కారును. నాగలికి, బండికి వాడు నల్లతుమ్మకు ఈ జిడ్డు బాధ లేదు.

ఏ కర్రయైనను తలుపునకు పూయుటకు ముందు ఆ దుంగ తునకమీదనే పరీక్షించుడు. సగము తుడిచి, సగము తుడువక పూత వేసి ఒక దినము ఆగుడు. బొటనవ్రేలితో ఒత్తి చూడుడు. పూర్తిగా ఆరిన పిమ్మట బ్లేడుతో అడ్డము, నిలువు సన్నని గీతలు గీచి, అంటుటేపు గట్టిగా అంటించి ఒక్కసారిగా లాగుడు. గళ్లు టేపుతో లేచివచ్చినచో ఆ పద్ధతి పనికిరాదు. ఖర్చు లేని పరీక్ష ఇది.

నూనెగుడ్డల నిప్పు

ఇది చదువక పోవద్దు. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేసినచో వాటంతట అవియే అంటుకొనగలవు. నూనె ప్రాణవాయువును పీల్చునపుడు వేడి పుట్టును. పరచిన గుడ్డ నుండి ఆ వేడి గాలిలో కలిసిపోవును. కుప్పలో చిక్కిన వేడి పెరుగుచు పోయి, కొన్ని గంటల తరువాత, ఇంటివారు నిద్రించు వేళ నిప్పగును. గడ్డివాము, ప్రత్తి నిలువలు ఉన్న రైతు ఇంటిలో ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. గుడ్డలను ఒక్కొక్కటిగా కంచెమీద ఆరవేయవలెను, లేదా నీటిబకెట్టులో ముంచి ఉంచవలెను. ఆసిటోను, స్పిరిటు వాడునపుడు తలుపులు, కిటికీలు తెరచి ఉంచి, పొయ్యి, బీడి, అగరువత్తి దరిదాపుల లేకుండ చూడవలెను.

ఆ తలుపునకు చేసిన వైద్యము

మోతీనగరు తలుపులను విప్పి బల్లలమీద పరపించినాము. జిగురు వార్నీషును థిన్నరుతో మెత్తబరచి, రేకుతో గీకించినాము. ఉప్పుకాగితము మొదటనే వాడినచో జిగురుతో నిండిపోయి పనికిరాకుండ పోవును గనుక గీకుటయే ముందు. రెండు దినములు గాలికి వదలి, తరువాత 120, 180 కాగితములతో రుద్ది, మేస్త్రీ ముందు నడచి తుడువగా ఆయన కొడుకు వెనుక లక్క పూసినాడు. తెల్లగుడ్డకు అంటిన పసుపు చూచి పెద్దాయన, "గింత నూనె నా చెట్టుల ఉన్నదా సారూ!" అని ఆశ్చర్యపడినారు.

అదే వార్నీషు, ఆ డబ్బాలో మిగిలినదే, లక్కమీద వేసినారు. మరునాటి సాయంకాలమునకు బొటనవ్రేలి ముద్ర పడలేదు. వీధివైపు మాత్రము నా మాట నెగ్గలేదు. గృహప్రవేశమునకు తలుపు మెరయవలెనని ఇంటి ఇల్లాలు పట్టుపట్టినారు. వరండా కప్పు ముందుకు ఉన్నది గనుక వాన అంతగా తగులదు. తూర్పు ఎండ మాత్రము పడును. రెండు సంవత్సరములకొకసారి చూచుకొని, పొర లేవకముందే తేలికగా రుద్ది మరియొక పూత వేసికొనుడని చెప్పి వచ్చినాను. మేస్త్రీ ఆ తలుపు తునకలు రెండు, ఒకటి తుడిచి పూసినది, ఒకటి తుడువకనే పూసినది, తన పనిముట్ల పెట్టెలో పెట్టుకొన్నారు. టేకు పని వచ్చినపుడు ఇంటివారికి వాటిని తడిమి చూడుమని ఇచ్చుచున్నారట.